ఒకటి తక్కువ పడే చతురస్రాలు

సయీదాకి లెక్కలంటే భయం ఉండేది కాదు. లెక్కల పరీక్షంటేనే భయం. ఈ రెండూ వేరువేరని ఆమె గట్టి నమ్మకం. రంజాన్ నెలలో ఎన్ని ఇళ్ళకి గంజి పంపాలి, ఒక్కో ఇంటికి ఎన్ని గరిటెలు పడతాయి అన్నది గిన్నె వంక చూసే చెప్పేసేది. అదే లెక్క కాగితం మీద కనబడితే అరచేతులకి చెమటలు పట్టేవి.

నా భార్య పోయాక ఇది రెండో వర్షాకాలం. అమ్మ గురించి ఏమైనా రాసిపెట్టమని మా అమ్మాయి చాలా రోజులుగా అడుగుతోంది. మొత్తం బతుకంతా రాయడం నా వల్ల కాదు. ఆమె బతుకు మలుపు తిరిగిన ఆ ఏడాదిన్నర మాత్రం నాకు బాగా గుర్తుంది. అదే రాస్తున్నాను.

మా ఇల్లు బందరు ఇనుగుదురుపేటలో. నేను ప్రెస్సులో కంపోజిటర్ని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం నా పని. మా అమ్మ నాగూర్ బీ ముక్కల బొంతలు కుట్టేది. సయీదా మా మేనమామ అల్లాబక్షు కూతురు. ఆయనకి అవనిగడ్డలో గాజుల కొట్టు ఉండేది. మా అమ్మ ఆమెకి మేనత్త కాబట్టి, పెళ్ళయ్యాక కూడా అత్తా అనలేదు, చిన్నప్పటిలాగే ఫూఫీ అనే పిలిచేది. బొంత కుట్టడం వాళ్ళిద్దరికీ నేర్పింది ఒకే మనిషి, మా అమ్మమ్మ. దర్జీల దగ్గర మిగిలిన పీలికలూ, పెడన నుంచి వచ్చే అద్దకం గుడ్డల ముక్కలూ ఏరి, బెత్తెడు చదరాలుగా కత్తిరించి, అడ్డంగా ఎన్ని ముక్కలో నిలువుగా అన్ని ముక్కలు కలిపి కుట్టేవాళ్ళు. అందుకని మా ఇంట్లో బొంతలన్నీ నలుచదరాలే.

సయీదా అవనిగడ్డలో పదో తరగతి దాకా చదివింది. అన్నీ ప్యాసయి, లెక్కలు ఒక్కటీ పోయాయి. తర్వాత పెళ్ళి, తర్వాత మా అమ్మాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరం తలవలేదు, ఆమె కూడా తలవలేదు. డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది.

దారులు తెరుచుకున్నాక, పాపని మా అమ్మకి అప్పగించి నేనూ సయీదా అవనిగడ్డ వెళ్ళాం. మావయ్య కొట్టు పైకప్పు ఎగిరిపోయింది గానీ మనుషులు బతికారు. అది చూసి తిరిగి రావలసింది. కానీ అక్కడ బడిలో పెట్టిన సహాయ శిబిరంలో మనుషులు చాలడం లేదని తెలిసి సయీదా ఉండిపోయింది. ఆ శిబిరంలో పెద్ద నర్సు ఆనందమ్మ గారు. ఒక పగటిపూట, వాన కురుస్తుండగా, తరగతి గదిలో బల్లలు జరిపి ఒకామెకి పురుడు పోశారు. ఆనందమ్మ గారికి సాయం పట్టింది సయీదానే. బిడ్డ ఏడ్చాక ఆనందమ్మ గారు చేతులు కడుక్కుంటూ, ఎంతవరకు చదివావని అడిగారట. చెబితే, "ఆ ఒక్క సబ్జెక్టూ గట్టెక్కించు. నర్సు ట్రైనింగుకి నేను రాయిస్తాను. ఇందాక నీ చేతులు వణకలేదు" అన్నారట.

ఆ చివరి మాట సయీదా నాకు చాలాసార్లు చెప్పింది. తనలో మంచి విషయం ఇంకొకరు చూసి చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను.

డెబ్బై ఎనిమిది సెప్టెంబరులో ప్రైవేటుగా పరీక్ష రాసింది. పోయింది. ఇక మిగిలింది మార్చి ఒక్కటే. ఆ వేసవి దాటితే ట్రైనింగుకి వయసు మీరిపోతుంది. ఆనందమ్మ గారు మంచివారే గానీ వయసు దిద్దే మనిషి కాదు.

ఈడేపల్లిలో రిటైరైన లెక్కల మాస్టారు తాతారావు గారుండేవారు. ఆయన కూతురి శుభలేఖలు మా ప్రెస్సులో నేనే కూర్చాను. ఆ చనువుతో వెళ్ళి అడిగాను. ఆయన సయీదాని పైనుంచి కిందకి చూసి, సాయంత్రాలు వరండాలోకి రమ్మన్నారు. మా అమ్మాయిని చంకనేసుకుని నేనూ వెంట వెళ్ళేవాణ్ణి, కాబట్టి ఇదంతా నా కళ్ళతో చూసిందే.

వర్గాలు, వర్గమూలాల పాఠంతో మొదలుపెట్టారు మాస్టారు. ఆ పాఠంలో మార్కులు చేతికందే ఎత్తులో ఉంటాయని ఆయన మాట. ఒక సంఖ్యని అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేది వర్గం, వెనక్కి వెళ్ళి ఆ మొదటి సంఖ్యని పట్టుకోవడం వర్గమూలం అని చెప్పి, పలక మీద ఆరు సంఖ్యలు వేశారు. 224, 225, 255, 256, 288, 289. వీటిలో ఏవి పరిపూర్ణ వర్గాలో గుర్తుపట్టమన్నారు.

సయీదా ఆలోచించను కూడా లేదు. 224కీ, 255కీ, 288కీ సున్నాలు చుట్టింది.

మాస్టారు పలక చూసి, ఆమెని చూసి, మళ్ళీ పలక చూశారు. తెలియనివాళ్ళు రాస్తే పొరపాటున ఒకటైనా సరిపోతుంది. ఈవిడ మూడు జతల్లోనూ ఏరి ఏరి తప్పుదాన్నే పట్టుకుంది. వేళాకోళం ఆడుతోందేమోనని ఆయనకి అనుమానం వచ్చింది. ఎలా లెక్క కట్టావని అడిగితే, కట్టలేదండీ, తెలుసు అంది. సరే, ముందు ఒక కిటుకు నేర్చుకో అని చెప్పారాయన. ఏ వర్గమైనా చివరి అంకె సున్నా, ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, తొమ్మిది, వీటిలో ఒకటే అవుతుంది. రెండు, మూడు, ఏడు, ఎనిమిది చివర ఉంటే ఇక చూడనక్కర్లేదు, అది వర్గం కాదు. ఒకటి నుంచి తొమ్మిది దాకా గుణించి చూపించారు కూడా. అలాగని చివరి అంకె సరిపోయిందంటే వర్గమైపోయినట్టు కాదు, అప్పుడు లెక్క చేసి చూడాలి అన్నారు.

"కాబట్టి ఈ 288 చూడగానే కొట్టేయాలి. ఎనిమిదితో ముగిసే వర్గం లోకంలో లేదు."

సయీదా పలకని దగ్గరికి లాక్కుని మళ్ళీ చూసింది. తర్వాత నెమ్మదిగా, "మా ఇంట్లో ఉందండీ" అంది.

"ఏవుంది?"

"రెండొందల ఎనభై ఎనిమిది ముక్కల బొంత. నలుచదరంగా ఉంటుంది. మా పాపకి కుట్టాను."

లోపల బియ్యం ఏరుతున్న మాస్టారి భార్య మాణిక్యమ్మ గారు నవ్వు ఆపుకోలేకపోయారు. మాస్టారికి కోపం రాలేదు. రేపు ఆ బొంత పట్టుకురమ్మన్నారు.

మర్నాడు బొంత వరండాలో పరిచాం. మాస్టారు అడ్డంగా లెక్కపెట్టారు, పదిహేడు. నిలువుగా లెక్కపెట్టారు, పదిహేడు. పదిహేడు పదిహేళ్ళు రెండొందల ఎనభై తొమ్మిది అన్నారు. కాదండీ, కత్తిరించింది నేనే, దారాన గుచ్చి పక్కన పెట్టిందీ నేనే, రెండొందల ఎనభై ఎనిమిది అని సయీదా. ఇద్దరూ బొంతకి చెరో పక్కా నిలబడ్డారు. చివరికి మాణిక్యమ్మ గారు చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుని, ముక్క మీద ముక్క తాకుతూ మొత్తం లెక్కపెట్టారు. మా పాప ఆవిడని చూసి తనూ వెనకాలే పాకుతూ వెళ్ళింది. ఆవిడ చెయ్యి కుడివైపు కింది కొసన తెల్ల గుడ్డ ముక్క మీద ఆగింది.

"ఎనభై తొమ్మిదేనే అమ్మాయ్."

సయీదా ఆ తెల్ల ముక్క వంక చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "అది మాది కాదండీ" అంది.

ఆ మాట వాళ్ళకి అర్థం కాలేదు. అప్పుడు నేనే చెప్పవలసి వచ్చింది. మా అమ్మమ్మ పెట్టిన పద్ధతి ఒకటుంది. బొంత ఎవరికోసం కుడితే వాళ్ళింటి పెద్దల బట్టలోంచి ఒక ముక్క అడిగి తెచ్చి, అన్నిటికన్నా ఆఖర్న, కొసన కుట్టాలి. తాత పంచె గానీ, నాయనమ్మ చీర గానీ. ఆ ముక్క కుట్టేవాళ్ళది కాదు గనక కుట్టేవాళ్ళ లెక్కలోకి రాదు. పదమూడు వరసల బొంతకి ఎన్ని ముక్కలు కత్తిరించాలని మా అమ్మని అడిగితే నూట అరవై ఎనిమిది అంటుంది. పధ్నాలుగుకి నూట తొంభై అయిదు. పదిహేనుకి రెండొందల ఇరవై నాలుగు. సయీదా ఎక్కం నేర్వకముందే ఈ అంకెలు నేర్చుకుంది. పాప బొంతలో ఆ తెల్ల ముక్క మా నాన్నగారి పంచెది. ఇంటిదే అయినా, అలవాటు కొద్దీ అదీ లెక్కలోకి రాలేదు.

మాస్టారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బొంత మీదికి వంగారు.

"కుట్టాక అది బొంతలో ఉందా లేదా?"

"ఉందండీ."

"మరి లెక్కలో ఎందుకు లేదమ్మా?"

సయీదా నోరు తెరిచేలోపే జవాబు మాణిక్యమ్మ గారు చెప్పారు. "మీరు మాత్రం అమ్మాయి పెళ్ళికి భోజనాలు లెక్కేసినప్పుడు మిమ్మల్ని లెక్కేసుకున్నారా ఏంటి? ఆఖరి బంతిలో విస్తరి చాలక నుంచుండిపోయారుగా."

మాస్టారు నవ్వేశారు. తర్వాత సయీదాతో అన్న మాటలు నాకు అలాగే గుర్తున్నాయి. "నీకు వర్గాలు రావని భయపడ్డాను. నీకన్నీ వచ్చు. అన్నిటికీ ఒకటి తక్కువ వచ్చు, అంతే. ఆ ఒకటీ కలిపేసుకో."

ఇంటికి తిరిగొస్తుంటే సయీదా కోనేరు సెంటరు దాటాక నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ తన బుర్రలోనే ఏదో లోపం ఉందనుకుందట. లోపం బుర్రలో కాదు, బొంత కొసన ఉందని తెలిస్తే ఎవరికైనా ప్రాణం కుదుటపడుతుంది.

మా అమ్మకి మాత్రం ఇది నచ్చలేదు. తన తల్లి పెట్టిన పద్ధతిని మాస్టారు తప్పుపట్టారని చిన్నబుచ్చుకుంది. ఒక పూట గడిచాక తనే రాజీకి వచ్చింది.

"పరీక్షలో లెక్కపెట్టుకో. ఇంట్లో మాత్రం వద్దు."

సయీదాకి ఇల్లూ పరీక్షా విడదీసుకోవడానికి కొంత కాలం పట్టింది. కొన్నాళ్ళపాటు దేనికైనా ఒకటి కలిపేసేది. దొడ్లో కోళ్ళు పెట్టిన గుడ్లు కూడా ఒకటెక్కువ చెబుతోందని, ఆ ఎక్కువ గుడ్డు మాస్టారికి పంపించమని మా అమ్మ దెప్పేది.

వర్గమూలం కనుక్కోవడానికి మాస్టారు మొదట చెప్పింది తీసివేతల దారి. ఇచ్చిన సంఖ్యలోంచి ఒకటి తీసెయ్, మిగిలినదాంట్లోంచి మూడు, తర్వాత అయిదు, ఏడు, అలా బేసి సంఖ్యలు వరసగా తీసుకుంటూ పో. సరిగ్గా సున్నాకి వస్తే అది వర్గం. ఎన్నిసార్లు తీశావో అదే మూలం. సున్నాకి రాకుండా మధ్యలో చిక్కుకుంటే వర్గం కాదు. ఇరవై అయిదు తీసుకుంటే ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, అయిదుసార్లతో ఖాళీ.

సయీదా దీన్ని తిరగేసి పట్టుకుంది. "ఇది ఊడదీయడమే కదండీ" అంది. పదిహేడు వరసల బొంతని పదహారు వరసలకి తగ్గించాలంటే కింద ఒక వరస విప్పాలి, పదిహేడు ముక్కలు వస్తాయి. పక్కన ఒక వరస విప్పాలి, అక్కడ కొస ముక్క అప్పటికే పోయింది కాబట్టి పదహారే వస్తాయి. మొత్తం ముప్ఫై మూడు. ఆ తర్వాత ముప్ఫై ఒకటి, ఇరవై తొమ్మిది, అలా ఒక్క ముక్క మిగిలేదాకా. మాస్టారు ఒకటి నుంచి పైకి చెప్పిన లెక్కే ఇది, పైనుంచి కిందకి. ఆయన అడ్డు చెప్పలేదు. నీకు ఎటు తోస్తే అటు వెళ్ళు, చేరాల్సిన చోటు ఒకటే అన్నారు.

పెద్ద సంఖ్యలకి అది పనికిరాదు, పరీక్ష గంట కొట్టేస్తారు. అందుకని భాగహార పద్ధతి పట్టించారు. ఒకట్ల స్థానం వైపు నుంచి రెండేసి అంకెలకి జత కట్టి పైన గీత పెట్టాలి. సయీదా రాసే చెయ్యి ఎడమ నుంచి మొదలయ్యేది. నాలుగంకెల సంఖ్యకి ఎటునుంచి కట్టినా ఒకటే కాబట్టి తప్పు బయటపడేది కాదు. 15129 వచ్చేసరికి పదిహేను, పన్నెండు, తొమ్మిది అని జతలు కట్టి ఇరుక్కుపోయేది. ఒకటి, యాభై ఒకటి, ఇరవై తొమ్మిది అని కుడి నుంచి కట్టించి నూట ఇరవై మూడుకి తీసుకొచ్చేసరికి మాస్టారికి గొంతు బొంగురుపోయింది. ఆ చలికాలమంతా ఆమె వంటింట్లో బొగ్గుముక్కతో గోడ మీద గీతలు పెడుతూనే ఉంది. మా అమ్మ తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది.

మార్చి వచ్చింది. బందరులోనే ఒక హైస్కూలులో సెంటరు పడింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మాస్టారెవరో, పిల్లల్ని దింపేసి తల్లిదండ్రులు బయట ఉండాలమ్మా అన్నాడట. ఈవిడ హాల్ టికెట్ చూపిస్తే పక్కకి తప్పుకున్నాడు. నేను ఎదురుగా కిళ్ళీ బడ్డీ నీడన నిలబడ్డాను.

బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖంలో రక్తం లేదు. ఎలా రాశావంటే, మాస్టారింటికి పోదాం పదండి అంది. ఎండలో ఈడేపల్లి దాకా నా కంటే ముందే నడిచింది.

వరండాలో కూర్చున్నాక ఒక్క ప్రశ్న గురించే చెప్పింది. 1088కి కనీసం ఎంత కలిపితే పరిపూర్ణ వర్గం అవుతుంది? చివర ఎనిమిది ఉంది కాబట్టి అది వర్గం కాదని చూడగానే తెలిసింది. భాగహారం చేసింది. ఒకటి అని వచ్చింది. ఆ ఒకటి చూసి పాత రోగం తిరగబెట్టిందనుకుంది. ఎక్కడో కొస ముక్కని మళ్ళీ వదిలేశాననీ, అసలు జవాబు ఇంకేదో అయి ఉంటుందనీ కొట్టేసింది.

"కొట్టేశావా?" అన్నారు మాస్టారు.

"కొట్టేసి, మళ్ళీ మొదట్నుంచీ చేశానండీ. మళ్ళీ ఒకటే వచ్చింది. ఇంకోసారి చేశాను. అదే వచ్చింది. గంట కొట్టేశారు. ఇక చేసేది లేక ఒకటనే రాసి ఇచ్చేశాను."

మాస్టారు కళ్ళు మూసుకుని గాల్లో వేలితో రాసుకున్నారు. ఆ వేలు కదులుతున్నంతసేపూ మేం ముగ్గురం దాన్నే చూస్తున్నాం. మాణిక్యమ్మ గారి చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ముప్ఫై మూడు ముప్ఫై మూళ్ళు వెయ్యిన్నీ ఎనభై తొమ్మిది. ఒకటే."

సయీదా గోడకి జారగిలబడింది. మాణిక్యమ్మ గారు గ్లాసు ఆమె చేతికిచ్చి, మొత్తం తాగేదాకా పక్కనే నిలబడ్డారు. అయితే ఆ ఊరట ఆమెకి ఇంటిదాకా రాలేదు. మిగతా ప్రశ్నల్లో తొందరలో రెండు వదిలేసిందట. ఆ ఒక్క లెక్కనే మూడుసార్లు చేయబట్టి టైము చాలలేదు. ముప్ఫై అయిదు దాటుతాయా అంటే మాస్టారు కూడా తల ఊపారు గానీ అవునని నోటితో అనలేదు.

ఫలితాలు రావడానికి వేసవంతా పట్టింది. సయీదా బొంతలు కుడుతూనే ఉంది గానీ కుట్టు వంకరపోయేది, విప్పి మళ్ళీ కుట్టేది. రాత్రిళ్ళు నిద్ర లేదు, పగలు తిండి లేదు. అవనిగడ్డ నుంచి మావయ్య వచ్చినప్పుడల్లా ఆనందమ్మ గారి కబురు తెచ్చేవాడు. దరఖాస్తు పెట్టే గడువు దగ్గరపడుతోంది, ఇంకా ఏమీ తెలియలేదా అని. ఆయన వెళ్ళిపోయాక సయీదా దొడ్లో బాదం చెట్టు కింద ఒక్కతే కూర్చునేది. ఒకసారి నాతో, "రాకపోతే అవనిగడ్డ వైపు మళ్ళీ వెళ్ళలేనండీ. నాన్న ఇంటికి కూడా" అంది. ఆమెకి ఆ పరీక్ష ఏమిటో నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది.

ఆ పొద్దున బెజవాడ నుంచి పేపర్లు తెచ్చే బస్సు ఆలస్యమైంది. బస్టాండులో కుర్రవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడుతున్నారు. సీసపు అక్షరాలు తిరగేసి చదివే కన్ను నాది. నంబరు వెతకడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. దొరికాక పేపరు మడిచి చంకలో పెట్టుకుని, సైకిలు తొక్కానో తోసుకుంటూ పరిగెత్తానో చెప్పలేను.

సయీదా పెరట్లో చేపలు బాగుచేస్తోంది. ప్యాసయ్యావు అన్నాను. ఆమె లేవలేదు.

"లెక్కలు కూడానా?"

"నువ్వు రాసింది లెక్కలే కదే."

"మళ్ళీ చూడండి."

పేపరు విప్పి కళ్ళ ముందు పెట్టాను. చేతులు చేపల చేతులు కావడంతో తాకకుండా వంగి చూసింది. తన నంబరు గొణుక్కుంటూ ఒక్కో అంకె సరిచూసుకుంది. తర్వాత చేపల పళ్ళెం పక్కకి జరిపి, నూతి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. మా అమ్మ లోపల్నుంచి వచ్చి ఏమీ అడగకుండానే ఆమె ముఖం చూసి తెలుసుకుని, చేపల ముందు తను కూర్చుంది. "మాస్టారికి పంపండి మంచి ముక్కలు" అని సయీదా అంటే, ఆయన చేపలు తినరే పిచ్చిదానా అని నవ్వింది.

మావయ్యతో కబురు పంపాం. గడువుకి ముందే దరఖాస్తు వెళ్ళింది. ట్రైనింగు పూర్తయ్యాక ఆమెకి ఉద్యోగం దివిసీమలోనే వచ్చింది. పులిగడ్డ దాటి బస్సులోనూ, బస్సు పోని చోట గట్ల మీద నడిచీ, రిటైరయ్యేదాకా ఆ ఊళ్ళు తిరిగింది. ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళు ఇప్పుడు పిల్లల్ని ఎత్తుకుని ఇంటికి వచ్చి నన్ను పలకరించి వెళ్తుంటారు. వాళ్ళు చెప్పే సయీదా ధైర్యం గల మనిషి, ఎవరికీ జంకని మనిషి. అది నిజమే.

నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం పేపరు వచ్చిన ఆ మధ్యాహ్నం. అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని ముందు గదిలో చాప మీద పడుకుంది. రెండు నెలల నిద్ర బాకీ ఒక్కసారే వచ్చి మీద పడింది. పాప వెళ్ళి జుట్టు లాగినా కదల్లేదు. వీధిలో ముంజలమ్మే ఆవిడ కేక పెడితే మా అమ్మ గుమ్మంలోకి వెళ్ళి, "మెల్లగా అరవ్వమ్మా, మా కోడలు పడుకుంది" అని, ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ముంజలు తీసుకుంది. నేను ప్రెస్సుకి వెళ్ళాల్సిన వేళ దాటిపోయింది. విసనకర్ర అందుకుని పక్కన కూర్చున్నాను. ఆమె నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కుడి చెయ్యి బోర్లా చాప మీద పరుచుకుని ఉంది, చీకూ చింతా లేని పిల్లలు పడుకున్నట్టు.